మూడో బెంచీ దాటని గొంతు

మా హెడ్ మేడమ్ పోయారని సోమవారం అసెంబ్లీకి ముందే తెలిసింది. ఓపిక తగ్గాక మైలవరంలో తమ్ముడి ఇంటికి చేరారు. అక్కడే నిద్రలో వెళ్ళిపోయారట. ముందు రోజు చర్చికి వెళ్ళొచ్చి, మామిడికాయ పప్పులో పులుపు చాల్లేదని మరదలితో సరదాగా తగువు కూడా పెట్టుకున్నారట. ఆ మాట విన్నాక మనసు కాస్త కుదుటపడింది. మంచాన పడితే పలకరించడానికొచ్చే జనానికి జవాబులు చెప్పలేనమ్మా అనేవారు. ఆవిడకు ఆ బాధ తప్పింది.

ముసునూరు దారిలో, తోటల మధ్య ఉన్న చిన్న బడి మాది. ప్రభుత్వ ఉద్యోగం నుంచి రిటైరయ్యాక ఆవిడ ఇక్కడికి వచ్చారు. నేను బీఈడీ అవుతూనే ఏడో తరగతికి సైన్సు చెప్పడానికి చేరాను. కాన్వెంటులో చదివినదాన్ని. మెల్లగా మాట్లాడితే అక్కడ మెచ్చుకునేవారు. ఇక్కడ అదే లోపమైంది. నా గొంతు మూడో బెంచీ దాటడం లేదని బడి నడిపే కరస్పాండెంట్ గారు అన్నారు. మేడమ్ నా క్లాసు చూసి సరేనంటేనే వచ్చే ఏడు ఉంచుతామన్నారు. ఇది పోతే ఇంకో బడిలో బోర్డు ముందు నిలబడే ధైర్యం అప్పటికి నాకు లేదు.

హెడ్ మేడమ్ క్లాసు చూడటానికి వస్తున్నారంటే, నిన్న చెప్పిన పాఠాన్నే ఇవాళ కొత్తగా చెప్పడం మా స్టాఫ్ రూము ఆనవాయితీ. సీనియర్లు చెప్పినట్టే నేనూ చేశాను. ప్రశ్న పూర్తి కాకుండానే పిల్లలు జవాబులు చెప్పేస్తున్నారు. పుప్పొడి దగ్గర నేను తడబడి ఆగితే, ముందు బెంచీలోని పిల్ల సాయం చేద్దామనుకుని, "మేడమ్, నిన్న ఇక్కడ మీరు నీళ్ళు తాగారండి" అంది. హెడ్ మేడమ్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్ళిపోయారు.

ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. సాయంత్రం పిలిచి, "పెళ్ళిచూపులకి ముస్తాబు చేసిన పాఠం నాకొద్దమ్మా. రేపు మామూలుగా చెప్పు, చూస్తాను" అన్నారు. అంతే.

మర్నాడు ఎప్పటిలాగే చప్పుడు కాకుండా చెప్పులు గుమ్మం బయటే విడిచి వచ్చారు. కుర్చీ బోర్డు పక్కన, పిల్లలకు ఎదురుగా వేసుకున్నారు. పీరియడంతా నా వైపు చూడలేదు. పాఠం టీచరు ముఖంలో కనపడదు, పిల్లల ముఖాల్లో కనపడుతుంది అనేవారు. చెట్టు నిండా వచ్చిన పూత అంతా ఎందుకు కాయ కాదో ఆ రోజు చెప్పాను. నా మీద ఆ కళ్ళు లేకపోయేసరికి ఎక్కడా తడబడలేదు.

గంట కొట్టాక వరండాలోకి తీసుకెళ్ళారు. "మూడో బెంచీ దాటట్లేదు, నిజమే" అన్నారు. "కానీ వెనకవాళ్ళు ముందుకి వంగి మరీ వింటున్నారు. విసుగొచ్చిన పిల్లలు వంగరమ్మా. నువ్వు బోర్డుకి అతుక్కుపోకుండా బెంచీల మధ్యకి నడువు. గొంతు సంగతి కాళ్ళు చూసుకుంటాయి."

ఆ తర్వాతి పాఠం ఆవిడే చెప్పి, ఆ కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు. అయ్యాక, తనెక్కడ తప్పారో చెప్పమన్నారు. అంతా బాగుందన్నాను. మళ్ళీ అడిగారు. కిటికీ పక్కనున్న పిల్ల మధ్యలో రాయడం ఆపేసి, ఇక మొదలుపెట్టలేదని చెప్పాను. "అవునా? నేను చూసుకోలేదే" అన్నారు. ఆ మధ్యాహ్నమే వెళ్ళి ఆ పిల్ల పక్కన బెంచీలో ఇరుక్కుని కూర్చుని మళ్ళీ చెప్పారు. అది చూశాక, క్లాసుకి ఎవరైనా వస్తున్నారంటే భయపడటం మానేశాను.

ఒంటిపూట బళ్ళు మొదలయ్యాక ఒక రోజు కరస్పాండెంట్ గారు నా సంగతి అడిగారు. నేను ఆఫీసు గది బయటే ఉన్నాను. "ఆ అమ్మాయిని పంపించేస్తే ఏడో తరగతి పిల్లలకి నేను సమాధానం చెప్పుకోలేనండి" అన్నారు మేడమ్. ఇంకేమీ పొగడలేదు. బయటికొచ్చి నాతో, "జూన్‌లో నాలుగు రోజులు ముందే రా. కొత్తమ్మాయి చేరుతోంది. నీకంటే భయస్తురాలట" అన్నారు. నాకు నవ్వొచ్చింది. కళ్ళు తుడుచుకోవాల్సి కూడా వచ్చింది.

ఇద్దరం గేటు దాకా నడిచాం. ఎదురుగా తోట గట్టు మీద, ఆటో కోసం ఆగిన పిల్లలు బడి ఆట ఆడుతున్నారు. మా క్లాసు పిల్ల ఒకతె చున్నీని పమిటలా వేసుకుని, చిన్న తరగతుల వాళ్ళని వరసగా కూర్చోబెట్టి, వాళ్ళ మధ్య నడుస్తూ ఏదో చెబుతోంది. నేను పిలవబోతే మేడమ్ చెయ్యి పట్టుకుని ఆపారు. ఎండలో అలాగే నిలబడ్డాం. రోడ్డు మీద మామిడికాయల ట్రాక్టరు చప్పుడు చేసుకుంటూ వెళ్ళింది. ఆ పిల్ల గొంతు పెంచలేదు. మాకు ఒక్క ముక్క వినపడలేదు. గట్టు మీద పిల్లలు మాత్రం కదలకుండా వింటున్నారు.