సైలెన్సర్ పక్కన రబ్బరు గొట్టం

పాలసీసా సిలికాన్ పీకను పొయ్యి మీద ఉడకబెట్టి, బిడ్డకు జ్వరమేమోనని మాటిమాటికీ నుదురు తాకి చూస్తూ మరిచిపోయాను. నీళ్లు ఇగిరి సిలికాన్ మాడిన వాసన ఇల్లంతా నిండింది, దాంతోపాటు చిన్ననాటి కోపమూ లేచింది.

మా ఊరి బంగారు గనులు మూసేశాక మా నాయన రోజూ రైల్లో మాలూరు ఫ్యాక్టరీకి పోయేవాడు. అక్కడి ఓనరు కొడుకు విసుగొచ్చి పారేసిన పెట్రోలు బొమ్మ విమానాన్ని ఊరిగాంలోని మా గని కంపెనీ ఇంటికి మోసుకొచ్చి బాగు చేశాడు. డిసెంబరు చలిలో ఆదివారం చర్చి నుంచి వచ్చి, అమ్మ క్రిస్మస్ పండక్కి వేయించిన, తీపి గవ్వల్లాంటి కల్‌కల్స్ జేబుల్లో నింపుకుని, బంగారం తీసేశాక మిగిలిన మట్టి పోసిన సయనైడ్ దిబ్బ ఎక్కేవాళ్లం. పైన మైదానంలా చదునుగా ఉండేది, గాలి వీస్తే నోట్లో తీపిలో దుమ్ము కలిసేది. ముందు నాయన ఎగరేయాలి, తరవాత పక్కింటి ఆంథోని మామ, ఆ తరవాత రిమోట్ నా చేతికి. అదీ మాట.

నా వంతు దాకా ఏనాడూ రాలేదు. ఇంజనునూ సైలెన్సర్‌నూ కలిపే వేలెడు సిలికాన్ గొట్టం ప్రతిసారీ చీలి, వేడి పొగకు విమానం కడుపు మాడేది. నాయన గొట్టం అమ్మిన బెంగుళూరు అంగడివాణ్ణి తిట్టేవాడు. చీలిక మాత్రం ఎప్పుడూ ఆయన గొట్టం చుట్టూ బిగించిన కట్టుతీగ పక్కనే ఉండేది.

“నాయనా, తీగే కోస్తాండాది. రవంత వదులుగా కట్టు.”

“నీకేం తెలుసు పాపా, ఆపక్కకు జరుగు.”

మామ నవ్వాడు. “గని మూసినారని మీ నాయన గాల్లో డ్రిల్లింగ్ చేస్తాండాడు పాపా. ఇంజను వణుకుతాదప్పా, గొట్టాన్ని ఊగనీ!”

“వదులైతే ఏమవుతాదో నువ్వు చూడలేదా?” అంటూ నాయన పట్టకారుతో ఇంకో మెలిక తిప్పాడు.

మామ నవ్వు ఆగిపోయింది. గనిలో నాయన డ్రిల్లు యంత్రాలకు ఒత్తిడిగాలి గొట్టాలు బిగించే ఫిట్టరు. ఎవరో వదులుగా కట్టిన గొట్టం ఒకటి ఊడి, కొరడాలా కొట్టి, పక్కన పనిచేసేవాడి కన్ను తీసిందని ఇంటికొచ్చాక అమ్మ చెప్పింది. నాకు జాలి కలగలేదు, ఇంకా మండింది. గనికి తాళం వేసినవాళ్లు టోపీలూ దీపాలూ వెనక్కి తీసుకున్నారు కదా, ఆ భయాన్నీ తీసుకుపోయి ఉండకూడదా?

క్రిస్మస్ మర్నాడు మామ వంతు ముగియబోతుండగా, నేను రిమోట్ కోసం చేతులు చాచి నిలబడి ఉండగా, గొట్టం మళ్లీ తెగింది. ఈసారి విమానం మంటలతో దిబ్బ అంచున కూలింది. నాయన బూడిదలోంచి తీగ మెలికను ఏరి నాకు చూపించాడు.

“చూడు, ఇది మాత్రం కదల్లేదు.”

గర్వంగా అన్నాడు. అదే నేను క్షమించలేకపోతున్నది.

ఇప్పుడు ఆ దిబ్బ మీద ముళ్లకంప పెరిగింది. పోట్లాడదామంటే నాయన లేడు, నవ్వించే ఆంథోని మామా లేడు. రిమోట్ బరువెంతుంటుందో నాకు ఈరోజుకీ తెలియదు.