కారుకు నాలుగు హద్దులు

మా బాలమణి అవ్వ ఆ కాలంలో పుట్టి ఉంటే హైదరాబాదులో చార్మినార్ లేచేదే కాదు. పునాది రాయి మీద చతికిలబడి, తూర్పుకు ఎవరున్నారు, పడమరకు ఎవరున్నారు, లింకు డాక్యుమెంట్లు ఎక్కడున్నాయి అని సుల్తానుగారిని నిలదీసేది. ఆయన విసిగిపోయి మూటాముల్లె సర్దుకుని మళ్ళీ గోల్కొండకే వెళ్ళిపోయేవాడు.

అవ్వకున్న పిచ్చి అదొక్కటే. లోకంలో ఏ వస్తువునైనా భూమి కొన్నట్టే కొంటుంది. అత్వెల్లిలో మాది భూములున్న కుటుంబం. ఆమెకు ఇంకో రకంగా కొనడం చేతకాదని మేమంతా సరిపెట్టుకున్నాం. ఫ్రిజ్ కోసం మేడ్చల్ వెళ్తే, నీకంటే ముందు ఇది ఎవరి కబ్జాలో ఉండేదని షాపువాణ్ణి అడిగింది. కంపెనీ నుంచి వచ్చిందని అతను చెప్తే, కంపెనీకి ఎవరు అమ్మారో చెప్పమన్నది. బర్రెను కొనేటప్పుడు దాని చుట్టూ అడుగులేసి కొలిచింది. సర్వే మధ్యలో బర్రె పడుకోవడంతో కొలతలు మళ్ళీ మొదటికొచ్చాయి.

ఇలాంటి మనిషి చేత కారు కొనిపించాలనుకున్నాడు మా అన్వేష్ అన్న.

అన్వేష్ మా పెదనాయిన కొడుకు. ఒక వెంచరువాళ్ళ దగ్గర ప్లాట్లు అమ్మిపెడతాడు. ఆదివారం సిటీ నుంచి పెద్ద కస్టమర్లు వస్తున్నారు. ఈసారి కూడా బేరం తప్పిపోతే ఇక రావద్దని వెంచరువాళ్ళు తేల్చి చెప్పారు. మోటారు సైకిలు మీద వచ్చినవాడు ప్లాటు అమ్ముతానంటే జనం నమ్మడం లేదని అన్న బాధ. అందుకే ఫోనులో వెతికి, శామీర్‌పేటలో ఒక విల్లా వాళ్ళు అమ్ముతున్న సెకండ్ హ్యాండ్ జర్మనీ కారును పట్టాడు. బీరువా తాళాలు అవ్వ నడుముకు ఉంటాయి కాబట్టి అవ్వ రావాలి. ఇంగ్లీషు అక్షరాలు చదవడానికి నేను రావాలి. ఇంటర్ మధ్యలో మానేసినా ఆ అక్షరాలన్నీ నాకింకా గుర్తే.

ఆటోలో వెళ్ళాం. పెద్ద కారు కొనేవాళ్ళు ఆటో దిగితే పరువు పోతుందని అన్న మూలమలుపులోనే ఆపించాడు. అవ్వ విల్లా గేటు దాకా నడిచి, గేటు తీసిన కుర్రాడికి వినిపించేలా, "ఆటోను గీ ఇంటి ముంగటనే ఆపొచ్చు గదరా, మోకాళ్ళు గుంజుతున్నయి" అన్నది.

ఆ కుర్రాడే కారు అమ్మే కుమార్. కారు నల్లగా, బర్రె కంటే నున్నగా ఉంది. మీట నొక్కితే పైకప్పు తెరుచుకుంటుందని చూపించాడు. అవ్వ ఆ కంతలోంచి మబ్బుల్ని చూసి, పైనంతా కూడా రేటులో కలిసే ఉందా అని అడిగింది. సీటు వీపు నొక్కుతుందంటే, అయితే దీన్ని తోలేవాడు పనికిమాలినవాడై ఉంటాడన్నది. అన్న వాచీ చూసుకున్నాడు.

"హద్దులు జెప్పు బిడ్డా," అన్నది అవ్వ.

కుమార్ అన్న వంక చూశాడు. అన్న నేల వంక చూశాడు. నేనే కల్పించుకుని, తూర్పుకు నీళ్ళ ట్యాంకు, పడమరకు గోడ, ఉత్తరానికి గులాబీ కుండీలు, దక్షిణానికి కుక్క అని చెప్పాను. కుక్క పోయి నీడలో పడుకుంది. దక్షిణం హద్దు జరిగిందని అవ్వ గుర్తుపెట్టుకుంది.

తర్వాత సర్వే నంబరు అడిగింది. ఛాసిస్ నంబరు అని నేను సర్దిచెప్పి, కారు మీది అంకెలను ఆర్సీలోని అంకెలతో కలిపి చదివాను. సున్నాను ఓ అని చదివి ఒకసారి అందరినీ భయపెట్టాను. కారు మీద చలాన్లేమైనా పెండింగులో ఉన్నాయా, ఇన్సూరెన్సు నడుస్తోందా అని అన్న అడిగాడు. అవ్వ దాన్ని శిస్తు బాకీ అనుకుని తల ఊపింది. ఆర్సీలో బ్యాంకు పేరు కూడా చదివాను. లోను తీరిపోయిందని కుమార్ అంటే, తీరితే పట్టా మీద ఇంకా బ్యాంకు పేరెందుకున్నదని అడిగింది. బ్యాంకువాళ్ళ కాగితం తెచ్చి పేరు తీయిస్తానని ఒప్పుకున్నాడు.

"పట్టాదారు ఎవరు?"

"మా నాయినే, అవ్వా. పోయినేడు గుండెపోటొచ్చి పోయిండు. ఆర్టీఏ ఏజెంటు అంత చూసుకుంటడు."

"ఏజెంటు చూస్తడు తియ్యి. వారసులెందరు?"

"అమ్మ, నేను, చెల్లె. అమ్మకు ఎరికే."

"చెల్లెను పిలువు."

కుమార్ నవ్వాడు. "కారుకు చెల్లె సంతకమేందవ్వా? గిదేమన్న భూమా?"

అన్న చేతులు జోడించాడు. "అవ్వా, నీ కాల్మొక్కుత. ఆదివారం దగ్గరికొచ్చింది."

అవ్వ వెనక సీటెక్కి, కబ్జా పెట్టి, తలుపేసుకుంది. చెల్లి వచ్చేదాకా దిగలేదు. తండ్రి పోయాక పేరు మారాలంటే వారసులందరూ ఒప్పుకోవాల్సిందేనని ఏజెంటు కూడా ఫోనులో చెప్పాడు. కుమార్ గొణుక్కుంటూ లోపలికి వెళ్ళి చెల్లెలు అశ్రితను పంపాడు. అవ్వ ఆ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుంది. నేను ముందు సీట్లో కూర్చుని వీపు నొక్కించుకుంటున్నాను.

"అమ్ముడు నీకిష్టమేనా బిడ్డా?"

"నన్నెవరడిగిన్రవ్వా?"

"నేనడుగుతున్న గదా."

అశ్రిత కాసేపు కిటికీ అద్దం గీకింది. "గా ఎడమ తలుపు మీద సొట్ట నాదే. తోలుడు నేర్చుకునేటప్పుడు గేటుకు గుద్దిన. నాయిన రిపేరు చేయించలే. నా బిడ్డ సంతకం, ఉండనీ అన్నడు."

అవ్వ నా భుజం మీద పొడిచింది. "ఓ పోరీ, నువ్వు దిగి టైర్లు లెక్కవెట్టు."

టైర్లు నాలుగే. అయినా చాలాసేపు లెక్కపెట్టాను. చివరికి అవ్వ దిగింది. కొంగు సర్దుకుని, గోడ వైపు వేలు చూపించి, "పడమర దిక్కు తక్కువొచ్చింది. హద్దులు కలుస్తలేవు. మాకొద్దు" అన్నది.

కుమార్ పగలబడి నవ్వాడు. ఈ ముసలామెకు చాదస్తం ముదిరిందని పక్క విల్లా వాళ్ళకు కూడా తెలిసేటట్టు నవ్వాడు. అవ్వ ఏమీ అనుకోలేదు. అన్న మాత్రం ఆటోలో మొహం అటు తిప్పుకుని కూర్చున్నాడు, ఇంట్లో అవ్వ వడ్డిస్తే తినలేదు. శనివారం సాయంత్రం మోటారు సైకిలును శవానికి స్నానం చేయించినట్టు కడిగాడు.

ఆదివారం పొద్దున మా వాకిట్లో నల్ల కారు ఆగింది. తోలుకొచ్చింది అశ్రిత.

మేము వచ్చేశాక ఆమె ధైర్యం చేసి, అమ్మడం తనకు ఇష్టం లేదని తన అన్నతో చెప్పిందట. అమ్మ సరేనంటే చెల్లి కూడా సరేనన్నట్టే అనుకున్నానని కుమార్ తల గోక్కున్నాడట. తల్లీ కొడుకూ ఒప్పుకుని బండిని ఆమె పేరు మీదకు మారుస్తున్నారట.

"నీకిష్టం లేదన్న ముచ్చట నేను జెప్ప, ఇంట్ల లొల్లయితది, ముసల్దానికి పిచ్చనుకోనీ అన్నది అవ్వ," అన్నది అశ్రిత. "కారు నీ దగ్గర్నే ఉంటే మాత్రం ఆదివారం మా పోరని కస్టమర్లను తిప్పాలె అని మాట తీసుకున్నది."

అన్న నోరు తెరిచి అవ్వ వంక చూశాడు. అవ్వ చింతపండు గింజలు తీస్తోంది.

ఆ రోజు కస్టమర్లు అశ్రితను వెంచరు ఓనరనీ, మా అన్నను డ్రైవరనీ అనుకున్నారు. కొబ్బరిబొండాలు తెమ్మంటే పరుగెత్తి తెచ్చాడు. ప్లాటు బుక్కయింది. ఉద్యోగం నిలబడింది. రాత్రి అడిగి మరీ రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు.

నాకు మాత్రం ఒక్క సందేహం మిగిలింది. విల్లా దగ్గర అవ్వ టేపు తీయలేదు, అడుగులేసి కొలవలేదు. మెల్లగా పక్కన చేరి, "అవ్వా, గా కారుకు పడమర నిజంగనే తక్కువొచ్చిందా?" అని అడిగాను.

"కారుకు పడమరేందే పిచ్చిదానా? తిప్పితే తూర్పయితది."