జానెడు దూరంలో ఆగిన వేలు

మా ఆయన ఎండాకాలంలో మన్ననూరు అడవికి వెదురు కొట్టే కూలికి పోయి, చలిజ్వరంతో తిరిగొచ్చాడు. జ్వరం తగ్గింది. తగ్గిన కొన్నాళ్ళకు నడక చెడింది. కాళ్ళు ఎడంగా పెట్టి, ఏటిలో పుట్టి పడవ ఎక్కిన మనిషిలా ఊగేవాడు. చెంబు నోటిదాకా తెచ్చేసరికి సగం నీళ్ళు ఒలికిపోయేవి. కల్లు ఎక్కువైందని ఊరంతా అనుకుంది.

తిమ్మాజిపేట దగ్గర ఒక పటేలు దగ్గర మేము జీతానికి ఉన్నాం. మృగశిర వానలు పడగానే జొన్న విత్తాలి. గొర్రు తోలేది మా ఆయనే. పటేలు ఒకనాడు మా గుడిసె ముందు నిలబడి చెప్పేశాడు.

"మిరుగు కార్తె దాంక సూస్త. అప్పటికి గొర్రు పట్టకుంటే ఇంకోన్ని పెట్టుకుంట. నా మీద కోపం చెయ్యకుండ్రి."

జీతం పోతే పటేలు ఇచ్చిన గుడిసె కూడా పోయినట్టే. మరునాడే ఆయన్ని బండిలో నాగర్‌కర్నూల్ దవాఖానకు తీసుకుపోయాను.

డాక్టరు హైదరాబాద్ నుంచి వచ్చినాయన. కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. ముందు కల్లు సంగతే అడిగాడు.

"తాగినవా?"

"లేదు దొరా. తాగిననాడు ఇంతకన్న మంచిగ నడుస్త."

డాక్టరు నవ్వి, ఆయన్ని బల్ల మీద కూర్చోబెట్టాడు. తొడ మీద అరచేయి ఒకసారి, మళ్ళీ చేయి తిప్పి వెనకవైపు ఒకసారి, గబగబా కొట్టమన్నాడు. నేను రొట్టె తట్టేటప్పుడు నా చేతులు ఆడినట్టు ఆడాలి. ఆయన చేతులు మధ్యలోనే తడబడ్డాయి. తర్వాత నేల బండల మీద అడుగుకు అడుగు ఆనించి నడవమంటే పక్కకు ఒరిగిపోయాడు. నేనే పట్టుకున్నాను.

అప్పుడు డాక్టరు తన వేలు ముందుకు చాపాడు. "నీ ముక్కు ముట్టు. మల్ల నా వేలు ముట్టు."

మా ఆయన ముక్కు ముట్టుకున్నాడు. చేయి చాపాడు. డాక్టరు వేలికి జానెడు దూరంలో ఆపేశాడు. డాక్టరు తన వేలు పక్కకు జరిపాడు. మళ్ళీ జానెడు దూరంలోనే ఆగింది.

"చెవుడారా నీకు? ముట్టుమంటే ముట్టవేంది!" అని పక్కనున్న కంపౌండరు గదమాయించాడు.

నాకు తెలుసు ఎందుకో. మావాళ్ళ చేయి పెద్ద కులాలవాళ్ళకు తగలకూడదు. పటేలు ఇంట్లో గింజలు కూడా పైనుంచే మా కొంగుల్లో పోసేవాళ్ళు.

డాక్టరే కనిపెట్టాడు. "నీ చెయ్యి ఆగుతలేదు, నువ్వే ఆపుతున్నవు. ఎందుకు?"

"మిమ్ముల ముడితే తప్పయితది దొరా."

"ముట్టకుంటే నా తప్పయితది. నీ రోగమేందో నాకు తెల్వకుంట పోతది. ముట్టు!"

మా ఆయన కళ్ళు మూసి తెరిచి, ఈసారి నిజంగా చేయి చాపాడు. దగ్గరికి పోయేకొద్దీ వేలు గడగడ వణికింది. డాక్టరు వేలు తప్పి, పోయి కళ్ళద్దాలకు తగిలింది. అద్దాలు డాక్టరు ఒళ్ళో పడ్డాయి.

డాక్టరు అద్దాలు పెట్టుకుంటూ, "గిదే నేను సూడాలనుకున్నది" అన్నాడు. "తల ఎనుక చిన్న మెదడుంటది. చెయ్యి ఎక్కడ ఆగాలె, కాలు ఎక్కడ పడాలె అదే చెప్తది. జ్వరానికి అది జర దెబ్బతిన్నది. గిట్ల జ్వరమెనుక వచ్చింది చానామందికి మెల్లగ పోతది. రోజూ నడిపియ్యి. గీ వేలు ఆట ఇంట్ల ఆడుండ్రి."

"మిరుగు దాంక తగ్గుతదా దొరా?" అని నేను అడిగాను.

"గది చెప్పలేనమ్మా. తగ్గుతదని నాకు ఆశ ఉన్నది."

ఇంటికొచ్చాక రోజూ నా వేలు చాపి కూర్చునేదాన్ని. ఆయన వేలు నా చెంపకు తగిలేది, చెవికి తగిలేది. మా అత్త చూసి, "పండ్లూడే యీడుకు సరసమా మీకు? ఓ పిల్లా, కండ్లు పొడిచేడు, జర భద్రం!" అనేది. అలా అంటూనే, నేను వంట చేసేటప్పుడు తనే వేలు చాపి కూర్చునేది.

మిరుగు వాన పడింది. వణుకు పూర్తిగా పోలేదు. అయినా మా ఆయన గొర్రు పట్టాడు. పటేలు గట్టు మీద నిలబడి చూశాడు.

జొన్న మొలిచాక పటేలు మమ్మల్ని చేనుకు పిలిచాడు.

"ఇదేం సాలురా? పాము పారినట్టున్నది!"

"అవి తొలినాడు ఏసినయి పటేలా. ఆ ఒడ్డుకు పోయి సూడుండ్రి, అవి ఆఖరునాడు ఏసినయి."

పటేలు ఆ ఒడ్డు దాకా నడిచాడు. అక్కడ వంగి, వంకర లేని సాలు వెంట చివరిదాకా చూశాడు. తిరిగొచ్చి మా ఆయన వైపు చూడకుండానే అన్నాడు:

"సాల్ల నడుమ గడ్డి లేస్తున్నది. రేపు పొద్దుగాల్నే నువ్వే గుంటుక కట్టు."