గోంగూరలో రొయ్యపొడి

వై టూ కే పనుల పుణ్యమా అని సింగపూర్ చేరిన రోజుల్లో నేనూ, మా జిల్లావాడే ఒక స్నేహితుడూ బుకిట్ పంజాంగ్‌లో ఒకే ఫ్లాట్‌లో ఉండేవాళ్లం. ఆఫీసులో నా పక్క సీటు అతను యూదుడు. పన్నెండేళ్లప్పుడు తల్లితో, అక్కతో ఉక్రెయిన్ వదిలి ఇజ్రాయెల్ చేరినవాడు. ఇంట్లో ఎవరూ పట్టించుకోని తిండి నియమాలను పెద్దయ్యాక తనే పట్టుబట్టి నేర్చుకున్నాడట. హాకర్ సెంటర్ తిండి కొట్ల దగ్గర మేం ప్లేట్లు ఖాళీ చేస్తుంటే అతను అరటిపండు ఒలుచుకుంటూ కూర్చునేవాడు.

చూడలేక ఒక ఆదివారం భోజనానికి పిలిచాను. అతని కోసం కొత్త గిన్నెలు కొన్నాం. తన పళ్లెం తనే తెచ్చుకున్నాడు. పప్పు, వంకాయ కూర. అంతవరకూ ఎవరూ వంక పెట్టలేరు. కానీ అలవాటు కొద్దీ అమ్మ పంపిన గోంగూర పచ్చడి సీసా కూడా బల్ల మీద పెట్టాను. మా ఇంట్లో అందులో ఎండురొయ్యలు వేయించి, పొడి కొట్టి కలుపుతారు. అతను రొయ్య ముట్టకూడదు. నాకు గుర్తొచ్చేసరికి అతని నోట్లో రెండో ముద్ద ఉంది. కళ్లలో నీళ్లు, మొహం నిండా వెలుగు.

"ఏముంది ఇందులో?"

"ఆకు. ఎండుమిర్చి. నూనె."

"ఇంకేం లేదు కదా?"

"ఏం లేదు."

అతను వెళ్లగానే మా వాడు అందుకున్నాడు. "ఒరేయ్, కొత్త గిన్నెలు కొని మరీ రొయ్య పెట్టావేంట్రా! ఫోన్ చేసి చెప్పెయ్."

"ఈ సీసా అయిపోనీరా, చెప్తా."

సీసా అయ్యేలోపు ఊరినుంచి వచ్చేవాళ్ల చేతిలో ఇంకోటి వచ్చేది. రొయ్య లేకుండా చెయ్యమని ఒకసారి అడిగి చూశాను. "మతిగానీ పోయిందా? అదేం పచ్చడి?" అంది అమ్మ. నేనూ మళ్లీ అడగలేదు. అతను మాత్రం ప్రతి ఆదివారం వచ్చి, నేర్చుకున్న ఒకే ఒక్క తెలుగు మాట దర్జాగా వాడేవాడు. "ఇంకొంచెం!"

ఏడాదికోసారి రిజర్వు సైనికుడిగా తన దేశం వెళ్లొచ్చేవాడు. విదేశంలో ఉన్నానని తప్పించుకోవచ్చు. తప్పించుకోడు. ఆ ఏడాది వెళ్లేముందు సీసా మూత మీద టిష్యూ పొట్లం పెట్టాడు. ఇక్కడ హోటల్ బల్లల మీద చోటు ఆపుకునే పద్ధతి అది, 'చోప్' అంటారు.

"చోప్ చేశాను. మూడు వారాలు. ఎవరూ ముట్టొద్దు లా!" అన్నాడు, సింగపూర్ వాళ్లలా మాట చివర "లా" తగిలించి.

తిరిగొచ్చాక తప్పకుండా చెప్పాలనుకున్నాను. ఈసారి నిజంగానే అనుకున్నాను. రెండో వారంలో శిక్షణలో జీపు బోల్తా పడింది. అతను పోయిన కబురు మేనేజర్ మెయిల్‌లో, రెండు లైన్లలో వచ్చింది.

బిషాన్‌లో అతని గది ఖాళీ చేయడానికి అక్క వచ్చింది. మేమిద్దరం సాయం వెళ్లాం. పుస్తకాలు అట్టపెట్టెలో సర్దుతూ ఆమె అడిగింది: "ప్రతి ఉత్తరంలోనూ ఒక పచ్చడి గురించి రాసేవాడు. మా నియమాలకు సరిపోయే అంత మంచి తిండి ఇంకెక్కడా దొరకలేదని. అమ్మ ఒక్కసారి రుచి చూస్తానంటోంది. కొంచెం ఇస్తారా?"

మా వాడు ఫ్యాన్ వైపు చూడడం మొదలుపెట్టాడు. లేదు, అయిపోయింది అంటే సరిపోయేది. ఆ అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ అతనికి చెప్పినట్టే వీళ్లకీ ఇంకో అబద్ధం చెప్పలేకపోయాను. చెప్పేశాను. రొయ్యల సంగతీ, అడిగినా లేదన్న సంగతీ, ఏడాదిన్నర ఆదివారాల సంగతీ.

ఆమె చేతిలోని పుస్తకం పెట్టెలో పెట్టింది. తర్వాత ఉన్నట్టుండి నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

"వాడికి తెలుసా?"

"తెలీదు."

"తెలిస్తే రొయ్య గురించి కోపం వచ్చేది కాదు వాడికి. పొరపాటున తిన్నదానికి ఏం చేస్తాం? కానీ అడిగితే లేదన్నావు చూడు, దానికి నెలరోజులు నీతో మాట్లాడేవాడు కాదు."

"తర్వాత?"

"తర్వాత మామూలే. ఆదివారం వచ్చేసేవాడు."

మొదటి ఆదివారమే చెప్పుంటే ఆ నెల ఎప్పుడో గడిచిపోయేది. నా పిరికితనం వల్ల, నాకు రావాల్సిన ఆ అలక అతని దగ్గరే ఉండిపోయింది.