ముడి లేని తీగ

సూరత్ స్టేషన్ వెయిటింగ్ రూములో తెలుగు వినిపిస్తే వెళ్లి పక్కన కూర్చున్నాను. ఆ ఊళ్లోనే సలాబత్‌పురా పేటలో మరమగ్గం నడిపే తండ్రి, ఆ సాయంత్రం ముంబైలో గిటార్ పోటీకి వెళ్తున్న కూతురు. అప్పుడే గిటార్ తీగ ఒకటి తెగింది.

"జర ఆగు బిడ్డా, ముడేస్త," అంటూ ఆయన రెండు కొసలూ పట్టుకున్నాడు.

"ఇది పోగు కాదు బాపూ. ముడేస్తే శ్రుతి కుదరది. అన్ని తీగలూ పాతబడ్డయ్, మారుస్త." ఆమె నవ్వి, కొత్త తీగల పొట్లం విప్పింది.

"అయితే అన్నీ ఒక్కసారే పీకరాదు?"

"బిగువంత ఒక్కసారే పోతే గిటార్ మెడ సడలుతది. ఒక్కోటి తీసి, ఒక్కోటి ఎక్కియ్యాలె."

ఎక్కించిన ప్రతి తీగనూ వేళ్లతో సాగదీసి, మళ్లీ శ్రుతి చేసింది. చివరికి ఒక పాట వాయించింది.

ఆయన నావైపు తిరిగాడు.

"మా తాత కాలం నుంచి అందరం తెగినదాన్ని ముడేసుకుంటనే బతికినం సార్. మా ఇంట్ల కొత్తది ఎక్కిచ్చింది ఈ బిడ్డనే."