అట్టకు వెనుక పూత

కోరుట్లలో ఏ బడి వార్షికోత్సవానికి వెళ్లినా స్టేజీ మీది రాజమహలూ, అడవీ కొమురయ్య గీసినవే. వాటి వెనుక ఊర్మిల ఉండేదని మాత్రం ఎవరికీ పట్టేది కాదు. వెనుక అంటే నిజంగానే వెనుక. అట్టకు ఒక కొస మొగుడు, రెండో కొస పెళ్లాం పట్టుకుని నాటకం అయిపోయేదాకా నేల మీద కూర్చునేవాళ్లు. పట్టుకోకపోతే మహలు అప్పడంలా ముడుచుకుపోయేది. పిల్లల మాటలకు కొమురయ్య నవ్వుతూ చెయ్యి వదిలేస్తే, "జర గట్టిగ పట్టు" అని ఊర్మిల గుసగుసగా కసిరేది.

కొమురయ్య దుకాణాల బోర్డులు రాసే పెయింటరు. ఫ్లెక్సీలు వచ్చి ఆ పనిని మింగేశాక బడుల సీనరీల మీద పడ్డాడు. సిరిసిల్లలో ఊర్మిల తమ్ముడి సాంచెలకు, అంటే మరమగ్గాలకు, నూలు వచ్చే పెద్ద అట్టపెట్టెలను తెచ్చి, విప్పి, అతికించి రంగు వేసేవాడు. పనితనం ఉన్న మనిషే. మొండితనం అంతకంటే ఎక్కువ.

"మా బాపు మగ్గం పడుగు దారాలకు గంజి వెడితే మీద ఒకపారి, తిప్పి కింద ఒకపారి వెట్టేటోడు. నువ్వు గూడ అట్టకు ఎన్క ఓ పూత ఎయ్యరాదు? ఒక్క దిక్కే తడిస్తే గుంజుకపోదా?" అనేది ఊర్మిల.

"ఎన్క ఎవలు సూస్తరే? రంగు దండుగ" అనేవాడు.

ఆమె బాధ అట్ట గురించి కాదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, అందరిలా ముందు కుర్చీలో కూర్చుని, లైట్ల వెలుగులో మొగుడి బొమ్మ చూడాలి. ఇన్నేళ్లూ నాటకమప్పుడు ఆమెకు కనిపించింది గోధుమరంగు అట్టా, దాని మీద నూలు కంపెనీ ముద్రా. "వచ్చేయేడు సూద్దువు తియ్" అనేవాడు కొమురయ్య. ఏటా అదే మాట.

పోయిన ఎండాకాలం గుండెపోటు వచ్చి పోయాడు. ఇక ఏ వచ్చేయేడు? ఊర్మిలకు దుఃఖం ఎంత వచ్చేదో, కోపమూ అంతే వచ్చేది.

చలికాలంలో ఊరి బడి నుంచి వందన టీచరు, వార్షికోత్సవానికి పాత సీనరీ ఏదైనా ఉందా అని అడగడానికి వచ్చింది. గోడకు ఆనించి ఒక అట్ట ఉంది. కొమురయ్య పోకముందు పెన్సిలుతో కొండగట్టు గుడి కొండను గీసి పెట్టాడు. మెట్లు, బండలు, కోతులు. రంగు వేయడం మిగిలిపోయింది.

"రంగు నేనేస్త టీచరమ్మా. గని నాకు ముంగట ఒక కుర్చీ వెయ్యాలె" అంది ఊర్మిల.

ముందు వైపు పెన్సిలు గీతలు కనిపించేంత పల్చగా తెల్లరంగు పూత వేసింది. నీడలో పరిచి, ఆరాక బోర్లా తిప్పి, వెనుక కూడా అంతే పల్చగా వేసింది. వంకర పోకుండా పైన పాత చీర పరిచి ఇటుకలు పేర్చింది. ఆ తర్వాతే రంగులు. వెనుక రెండు కర్రలు ఆనిస్తే కొండ తనంతట తాను నిలబడింది.

వార్షికోత్సవం నాడు ఊర్మిల ముందు వరుసలో కూర్చుంది. తెర తీశారు. లైట్ల కింద కొండగట్టు మెట్లు ఎక్కి పోవచ్చనిపించేలా ఉన్నాయి. 'ఎంత మంచిగ గీసినవయ్యా' అనుకుంది. కళ్లు నిండిపోయాయి.

ఏళ్లుగా ఈ నాటకాలకు హార్మోనియం వాయించే ప్రభుదాస్ తన పాట అయిపోగానే వచ్చి పక్కన కూర్చున్నాడు. "ఎన్క పూత ఏసినవా వదినె?" అన్నాడు.

"ఏసిన. గా మొండి మనిషికి ఎన్నిమాట్ల చెప్పినా ఇనకపాయె."

ప్రభుదాస్ నవ్వాడు. "వానికి తెల్వకనా? నేను గూడ అడిగిన. 'అట్ట దానంతటది నిలవడితె గామె ముంగటికి పోయి కూసుంటది. నా పక్కపొంటి ఎవలు కూసుంటరు' అన్నడు."

"లంగ దొంగ మనిషి!" అంది ఊర్మిల. అట్ట వెనుక చీకట్లో మొగుడు తన చేతిలో పెట్టిన పల్లీలు, చెవిలో చెప్పిన జోకులు, తిమ్మిరెక్కిన కాళ్లు, అన్నీ ఒక్కసారిగా కావాలనిపించాయి. ముందు కుర్చీ అసలు అక్కర్లేదనిపించింది.

లేచి, పక్క మెట్ల మీదుగా స్టేజీ వెనక్కి వెళ్లింది. కొండ నిటారుగానే ఉంది, ఎవరి చెయ్యీ అక్కర్లేదు. అయినా తన చోట కూర్చుని తన కొస పట్టుకుంది. రెండో కొస వైపు చూసింది.

"జర గట్టిగ పట్టు" అంది.