జైనబ్ మేడమ్, రెండు బెల్లం నీళ్ళ సీసాలు

నిన్న పొద్దున్నే కాలేజీ గ్రూప్‌లో మెసేజ్. జైనబ్ మేడమ్ పోయారని.

మళ్ళీ చదివాను. మళ్ళీ.

మొన్నీమధ్యే ఫోన్‌లో "ఏమ్మా, మా భవానీపురం అంత దూరమైపోయిందా?" అని కోప్పడ్డారు. తొంభై దాటిన మనిషే. అయినా నమ్మబుద్ధి కాలేదు.

డిగ్రీలో మాకు బయోకెమిస్ట్రీ చెప్పారు. ఆవిడే చెప్పిన ఒక సంగతి రాస్తాను.

పంతొమ్మిది వందల నలభైల చివర్లో, మన ఊరు ఇంకా బెజవాడ. మేడమ్ ఇంటర్. వాళ్ళ నాన్నగారికి వన్ టౌన్‌లో బట్టల కొట్టు.

గాలి బాగా అందితే ఈస్ట్ చక్కెర తక్కువ వాడుతుందని క్లాసులో చెప్పారట. ఈవిడకి కళ్ళారా చూడాలనిపించింది.

ఈస్ట్ ఎక్కడ దొరుకుతుంది? కల్లు కుండ అడుగున పేరుకునే మడ్డిలో. అదే తెప్పించారు!

రెండు సీసాల్లో బెల్లం నీళ్ళు, మడ్డి. ఒకదాన్ని మూసి ఉంచి, రెండోదానికి సైకిల్ పంపుతో గాలి కొడుతూ కూర్చున్నారు.

వాసన నాన్నగారి దాకా వెళ్ళింది.

"నా ఇంట్లో కల్లా? రేపట్నుంచి కాలేజీ మానెయ్!"

"అబ్బాజాన్, ఒక్కసారి చూడండి. తర్వాత మీ ఇష్టం."

పెరట్లో బండ మీద రెండూ కొంచెం కొంచెం పోశారు. కాసేపటికి చీమలు. గాలి కొట్టిన దాని చుట్టూ మూగాయి. మూసిన సీసాలోదాన్ని పెద్దగా పట్టించుకోలేదు. అందులో తీపి అయిపోయింది మరి.

నాన్నగారు వంగి చాలాసేపు చూశారట.

"ఎందుకలా?"

"తెలీదు అబ్బాజాన్. పూర్తిగా ఎవరికీ తెలీదట."

"అయితే నువ్వు తెలుసుకో. ముందు ఆ సీసాలు బయట పారెయ్."

అలా చదువు ఆగలేదు.

జవాబు చాలా ఏళ్ళకి వచ్చింది. మేడమ్ లెక్చరర్ అయ్యాక, జర్నల్స్‌లో. గాలి అందితే అదే చక్కెర నుంచి కణానికి చాలా ఎక్కువ శక్తి వస్తుంది. ఆ శక్తిని మోసే ఏటీపీ నిండుగా ఉంటే, అదే వెళ్ళి చక్కెరని విరిచే ఎంజైమ్‌కి అతుక్కుని దాని స్పీడ్ తగ్గిస్తుంది. ఏటీపీ ఖర్చవగానే ఎంజైమ్ మళ్ళీ పరుగు. గాలి కొట్టిన సీసాలో తీపి మిగిలింది అందుకే.

అప్పటికి నాన్నగారు లేరు.

"ఆయనకి చెప్పలేకపోయాను. అందుకే ప్రతి బ్యాచ్‌కీ ఈ పాఠం రెండుసార్లు చెప్తా" అనేవారు. నవ్వుతూనే.

ఎగ్జామ్ కోసం బట్టీ పట్టిన పాఠం అది మాకు. ఆవిడకి అలా కాదని అర్థం కావడానికి నాకు ఇంత వయసు పట్టింది.

నిన్న సాయంత్రం వాళ్ళ గుమ్మం ముందు మా బ్యాచ్ వాళ్ళం నిలబడ్డాం. అందరికీ జుట్టు నెరిసింది. అయినా క్లాసు బయట నిలబెట్టిన పిల్లల్లా ఉన్నాం.

వెళ్ళిరండి మేడమ్. పైవాడి దగ్గర మీకు చల్లగా, ప్రశాంతంగా ఉండాలి.